కాలేజీ పేరు చూస్తారా, చేసిన పని చూస్తారా?

నల్గొండ_2024బ్యాచ్:
ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద జిల్లాలోనే సీఎస్ఈ చేశాను. బ్యాక్‌లాగ్ ఒక్కటీ లేదు. మొన్న అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ ఆయన కాలేజీ పేరు చదివి రెజ్యూమె పక్కన పెట్టేశాడు. మా బోరు మోటారును ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసేలా నేను చేసిన మొబైల్ స్టార్టర్ గురించి రెండో పేజీలో హాబీల కింద ఉంది. ఆయన పేజీ తిప్పనే లేదు. హాబీలు ఉంచాలా, తీసేయాలా?

పాలమూరు_ఆడబిడ్డ:
నా విషయంలో కాలేజీ పేరు దాకా పోనే లేదు. పది, ఇంటర్, బీటెక్ మూడింట్లో 60 శాతం ఉండాలన్నారు. నాకు ఇంటర్‌లో 58. అమ్మానాన్న ముంబై వలస పోయిన ఏడాది అది, చెల్లెళ్లకు వండిపెట్టి కాలేజీకి పోయేదాన్ని. ఆ రెండు శాతం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

దేవరకొండ_రైతుబిడ్డ:
తమ్మీ, అది ఆటో స్టార్టరా? 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చింది, ఆటో స్టార్టర్లు తీసేయండని ఊరూరా చెప్పారు. మా దగ్గర వినలేదు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే ఎత్తుకుని ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. వరి పొట్ట మీదుంటే ఐదు రోజులు నీళ్లు లేవు. అలాంటిది గొప్పగా రాసుకుంటారా?

నల్గొండ_2024బ్యాచ్:
ఆటో కాదన్నా. కరెంటు వచ్చినా ఫోన్ చేస్తేనే నడుస్తుంది. ప్రోగ్రామ్ నడిపే చిన్న బోర్డు ఆర్డునో, సిమ్ వేసి ఫోన్ కాల్ అందుకునే సిమ్900 మాడ్యూల్, బటన్ నొక్కే పని చేసే స్విచ్‌లు అంటే రిలేలు, ఆన్‌కు ఒకటి, ఆఫ్‌కు ఒకటి.

వనపర్తి_వాసి:
అసలు ప్రశ్న వదిలేశారు. నేను గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో చదివాను. కంపెనీలే క్యాంపస్‌కు వచ్చాయి, నిజమే. కానీ ఆ సీటు కోసం రెండేళ్లు పండగకు కూడా ఇంటికి రాలేదు. ఊరికే వచ్చినట్టు మాట్లాడొద్దు.

పాలమూరు_ఆడబిడ్డ:
ఊరికే వచ్చిందని ఎవరన్నారు? ఆ రెండేళ్ల కోచింగ్‌కు మీ ఇంట్లో డబ్బు ఉంది. మా ఇంట్లో లేదు. నేను చెప్పేది అంతే, కోపం ఎందుకు?

వనపర్తి_వాసి:
మా నాన్న ఎకరం అమ్మి కట్టాడు. తెలియకుండా అనకండక్కా.

ఎంబెడెడ్_14ఏళ్లు:
నేను ఇంటర్వ్యూలు తీసుకునేవాడిని కాబట్టి చెబుతున్నా. ఈ స్టార్టర్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి, కొని బిగించి "ప్రాజెక్ట్" అని రాసేవాళ్లను చాలామందిని చూశాను. నాకు ఒక్క ప్రశ్న చాలు. తమ్ముడూ, ఏ సిమ్ వేశావు?

నల్గొండ_2024బ్యాచ్:
ముందు జియో వేశాను. మూడు రోజులు తల పట్టుకున్నా సిగ్నల్ లేదు. ఆ మాడ్యూల్ 2జీ, జియోలో 2జీ లేదు. ఎయిర్‌టెల్ వేశాకే పలికింది. కొన్నదని మాత్రం అనకండి, సోల్డరింగ్‌లో కాలిన మచ్చ ఇంకా బొటనవేలి మీద ఉంది.

ఎంబెడెడ్_14ఏళ్లు:
ఇదే రాయి. జియోతో ఎందుకు రాలేదో మొదటి పేజీలో, చదువు కంటే పైన. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా 1991లో హెల్సింకీలో ఒక విద్యార్థి హాబీగా మొదలుపెట్టిందే.

సూర్యాపేట_టెస్టర్:
నేను క్రికెట్, పాటలు వినడం అని రాశాను, ఎవరూ అడగలేదు. తెలుగు వికీపీడియాలో మా మండలం ఊర్ల పేజీలు దిద్దానని చేర్చాక మాత్రం అరగంట దాని మీదే మాట్లాడారు. అవునూ, నల్గొండ ఐటీ టవర్‌లో ఫ్రెషర్లను తీసుకుంటున్నారా?

దేవరకొండ_రైతుబిడ్డ:
టవర్ సంగతి తర్వాత. బోరులో నీళ్లు అయిపోయి మోటారు ఉత్తగా తిరిగితే? వైండింగ్ కాలితే ఎవరు కడతారు?

నల్గొండ_2024బ్యాచ్:
నీళ్లు లేకపోతే మోటారు లాగే ఆంపియర్లు పడిపోతాయన్నా. వైరు చుట్టూ ఆ ఆంపియర్లు కొలిచే సీటీ కాయిల్ పెట్టాను. పడిపోగానే ఆపేసి నాన్న ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. ఒక ఫేజ్ పోయినా ఆగుతుంది. రెండు యాసంగులు నడిచింది, వైండింగ్ ఒక్కసారి కూడా పోలేదు.

దేవరకొండ_రైతుబిడ్డ:
ఆంపియర్ల మాట ముందే చెప్పాల్సింది. మా నాన్నకు 64 ఏళ్లు, రాత్రి పదకొండుకు టార్చి పట్టుకుని మోటారు ఆపడానికి పోతాడు. పోయిన వానాకాలం గట్టు మీద పామును తొక్కబోయాడు. మాది 5 హెచ్‌పీ. సామాను నేను తెస్తా, ఒక ఆదివారం వస్తావా?