‘థిన్ మ్యాన్’ సినిమాల్లో ఆస్టా అనే కుక్క కథకు నిజంగా అవసరమా?

పాతరీలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఎం.జి.ఎం. సంస్థ 1934 నుంచి 1947 వరకు తీసిన ఆరు ‘థిన్ మ్యాన్’ సినిమాలను ఈ మధ్య వరుసగా చూశాను. మాజీ డిటెక్టివ్ నిక్ చార్లెస్‌గా విలియం పవెల్, అతని భార్య నోరాగా మర్నా లోయ్ నటించిన ఈ చిత్రాల్లో హత్య, అనుమానితులు, చివరికి అందరినీ ఒకచోట కూర్చోబెట్టి హంతకుణ్ణి బయటపెట్టడం అన్నీ ఉన్నాయి. వాటితోపాటు ఆ దంపతులు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్లే ఆస్టా అనే చిన్న కుక్క కూడా ఉంది. నా సందేహం దాని గురించే.

మన పాత చిత్రాల్లో ఒక జంతువుకు ప్రాధాన్యం ఇచ్చారంటే అది యజమాని ప్రాణాలు కాపాడటమో, దుర్మార్గుణ్ణి పట్టి ఇవ్వడమో తప్పకుండా చేస్తుంది. ఆస్టా అలాంటి సాహసాలు చేయదు సరికదా, ప్రమాదం వచ్చినప్పుడు దాక్కోవడానికి చోటు వెతుక్కుంటుంది. అయినా దర్శకులు దానికి చాలా సమయం ఇచ్చారు. అది కేవలం నవ్వించడానికి పెట్టిన పాత్రా, లేక దర్యాప్తు కథలో దానికి నిజమైన పని ఉందా? డాషియెల్ హామెట్ రాసిన మూల నవలలో కూడా అది ఇలాగే ఉంటుందా? చదివినవారు, చూసినవారు చెప్పగలరు.

కృష్ణలంక

పాతరీలు గారికి నమస్కారం. నా అభిప్రాయంలో మొదటి సినిమాలో ఆస్టాకు ఉన్న పని చాలా పెద్దది. (చూడనివారు ఈ పేరా వదిలేయండి.) నిక్ రాత్రివేళ కనిపించకుండా పోయిన పరిశోధకుడి ప్రయోగశాలకు ఆస్టాను వెంటబెట్టుకుని వెళ్తాడు. చీకట్లో టార్చిలైటు పట్టుకుని వెతుకుతుంటే ఆస్టా నేలమీద ఒకచోట ఆగి, వాసన చూస్తూ అక్కడినుంచి కదలదు. ఆ నేల కిందే శవం దొరుకుతుంది, కేసు మొత్తం అక్కడినుంచి తలకిందులవుతుంది. ఆ క్షణంలో ఆస్టా వీరోచితంగా ఏమీ చేయలేదు, ఏ కుక్క అయినా చేసే పనే చేసింది. దాన్ని గమనించి అర్థం చేసుకున్నది నిక్.

ఆ కాలపు ప్రేక్షకులకు ఇది కొత్తగా ఉండి ఉండాలి. అంతకుముందు దశాబ్దంలో వార్నర్ బ్రదర్స్ సినిమాల్లో రిన్ టిన్ టిన్ అనే జర్మన్ షెపర్డ్ మనుషులను రక్షిస్తూ, దుష్టులమీదికి దూకుతూ పెద్ద తారగా వెలిగింది. ఆస్టాను తీర్చిదిద్దినవారు ఆ దారి పట్టలేదు. తొలి సినిమాలో నోరా మనకు మొదటిసారి కనిపించే తీరు గుర్తు చేసుకోండి. క్రిస్మస్ పొట్లాలు చేతినిండా పట్టుకుని ఉన్న ఆమెను ఆస్టా బారులోకి ఈడ్చుకొస్తుంది, ఆమె నేలమీద బోర్లా పడుతుంది. ఆమె కోటీశ్వరురాలనీ, నాజూకు మనిషనీ మనం అనుకునేలోపే, పడిపోయినా పరువు పోయిందని బాధపడే స్వభావం ఆమెది కాదని తెలిసిపోతుంది. ఒక పాత్రను ఇంత తక్కువ సమయంలో పరిచయం చేయడానికి ఆ కుక్క పనికివచ్చింది కాబట్టి అది అలంకారం అంటే నేను ఒప్పుకోను.

నవలలబీరువా

నవల సంగతి నేను చెబుతాను. హామెట్ నవల 1934 జనవరిలో వెలువడింది, అదే సంవత్సరం మే నెలలో సినిమా విడుదలయింది. నవలలో ఆస్టా ష్నాజర్ జాతికి చెందిన ఆడ కుక్క. సినిమాలో అది వైర్ ఫాక్స్ టెర్రియర్ జాతి మగ కుక్కగా మారింది. జాతి మారడం కంటే ముఖ్యమైన మార్పు ఏమిటంటే, నవలలో దాని పాత్ర చాలా చిన్నది.

ఇలా ఎందుకు జరిగిందో ఆలోచిస్తే నాకు ఒక కారణం తోస్తుంది. నవలను నిక్ తానే ‘నేను’ అంటూ చెబుతాడు. అతనికి ఏది కనిపించిందో, ఎవరిని చూసి ఏమనుకున్నాడో పాఠకుడికి నేరుగా తెలుస్తుంది. స్క్రీన్‌ప్లే రాసిన ఫ్రాన్సెస్ గుడ్రిచ్, ఆల్బర్ట్ హాకెట్ దంపతులకు ఆ సౌకర్యం లేదు. నిక్ ఒంటరిగా ఒక చీకటి గదిలో వెతికితే అతని మనసులోని మాటను ప్రేక్షకుడికి ఎవరు చెప్పాలి? నోరాను వెంట పంపితే ఆ సన్నివేశంలోని ప్రమాదం పలచబడుతుంది. కుక్కను పంపితే నిక్ దానితో మాట్లాడవచ్చు, అది జవాబు చెప్పదు, ఒంటరితనమూ చెడదు. కృష్ణలంక గారు చెప్పిన ప్రయోగశాల సన్నివేశాన్ని ఈసారి కళ్లు మూసుకుని విని చూడండి. వెతుకుతున్నంతసేపూ నిక్ మాట్లాడేది కుక్కతోనే. నవలలో పాఠకుడికి ఉన్న స్థానం సినిమాలో ఆస్టాకు దక్కిందని నా నమ్మకం.

మరొక మాట. హామెట్ రచయిత కాకముందు పింకర్టన్ డిటెక్టివ్ సంస్థలో పనిచేశాడు. అతని తొలి కథల్లోని డిటెక్టివ్‌కు ఇల్లూ వాకిలీ ఉండవు, పేరు కూడా మనకు తెలియదు. అలాంటి రచయిత తన చివరి నవలలో డిటెక్టివ్‌కు భార్యను, కుక్కను ఇచ్చాడు. ఆ ఇంటి వాతావరణాన్ని సినిమా మరింత పెంచి చూపింది.

బొచ్చుటెర్రియర్

నేను ఈ జాతి కుక్కలను పెంచుతున్నాను కాబట్టి ఆ వైపు నుంచి కొంత చెప్పడానికి అనుమతించండి. వైర్ ఫాక్స్ టెర్రియర్ ఇంగ్లండులో నక్క వేటకోసం తయారైన జాతి. వేటకుక్కలు తరిమినప్పుడు నక్క బొరియలోకి దూరితే, దాన్ని బయటికి వెళ్లగొట్టడం ఈ కుక్క పని. అందుకే ఎత్తు 39 సెంటీమీటర్లు దాటకుండా, బరువు సుమారు 8 కిలోలు ఉండాలని ప్రమాణాలు చెబుతాయి. నేల కింద ఏదో ఉందని అనుమానం వస్తే ఇది వదలదు, తవ్వేదాకా నిలవదు. ప్రయోగశాల నేలమీద ఆస్టా ఆగిపోవడం ఈ జాతిని ఎరిగినవారికి ఏమాత్రం కృత్రిమంగా అనిపించదు. ష్నాజర్‌తో ఆ సన్నివేశం ఇంత సహజంగా కుదిరేదా అని నాకు అనుమానమే.

తొలి సినిమాలో ఆస్టాగా నటించిన కుక్క అసలు పేరు స్కిపీ. దర్శకుడు డబ్ల్యు. ఎస్. వాన్ డైక్ చాలా వేగంగా పనిచేసేవాడు, ఆ సినిమా చిత్రీకరణను సుమారు రెండు వారాల్లో ముగించాడు. అంత వేగంలో ఒక కుక్క పదేపదే తప్పు చేస్తే కుదరదు, కాబట్టి స్కిపీకి ఉన్న శిక్షణ ఎంత గట్టిదో ఊహించవచ్చు. తెరమీద అంత చనువుగా కనిపించినా, దాని ఏకాగ్రత చెదరకూడదని శిక్షకులు నటులను దానితో స్నేహం చేయనివ్వలేదనీ, అది తనను ఒకసారి కరిచిందనీ మర్నా లోయ్ తరువాత గుర్తు చేసుకున్నారు. ఈ సంగతి తెలిశాక ఆమె నటన మీద నా గౌరవం రెట్టింపయింది. ఆ తరువాత స్కిపీ ‘ది ఆఫుల్ ట్రూత్’ (1937)లో విడాకుల జంట తగవులాడుకునే కుక్కగా, ‘బ్రింగింగ్ అప్ బేబీ’ (1938)లో రాక్షసబల్లి ఎముకను పాతిపెట్టే కుక్కగా కనిపించింది.

ఈ సినిమాల తరువాత అమెరికాలో ఈ జాతికి గిరాకీ బాగా పెరిగింది. ఇప్పుడు ఈ చర్చ చదివి ఎవరైనా కొనాలనుకుంటే ఒక మనవి. ఆ గరుకు వెంట్రుకలను కత్తిరిస్తే మెత్తబడి వాటి గుణం పోతుంది, చేత్తో ఓపికగా పీకుతూ ఉండాలి. అపార్ట్‌మెంటులో రోజంతా ఒంటరిగా వదిలితే ఇది సోఫాను తవ్వుతుంది. మన వేసవిలో మధ్యాహ్నం బయట తిప్పకూడదు. తెరమీద చూసి ముచ్చటపడి, ఆరు నెలల తరువాత ఎవరికో ఇచ్చేసే కుటుంబాలను చూసి మనసు కష్టపెట్టుకున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

పాతరీలు

అందరికీ ధన్యవాదాలు. నవలలబీరువా గారి వివరణ నాకు చాలా నచ్చింది. అయితే నాకు ఇంకా ఒక అభ్యంతరం ఉంది. మీరు ముగ్గురూ మొదటి సినిమానే ఉదాహరణగా తీసుకున్నారు. తరువాతి వాటిలో ఆస్టా నిజంగా నవ్వులకే పరిమితమయింది కదా? రెండవ సినిమాలో ఆడ కుక్క, దాని పిల్లలు, వాటి మధ్య ఒక నల్ల పిల్ల, పక్కింటి నల్ల కుక్కమీద ఆస్టా కోపం, ఇదంతా హత్య కథకు ఏ విధంగా సంబంధం?

కృష్ణలంక

ఆ నల్లపిల్ల ఘట్టానికి హత్యతో సంబంధం లేదు, ఒప్పుకుంటాను. కానీ అదే 1936 నాటి ‘ఆఫ్టర్ ది థిన్ మ్యాన్’లో కిటికీలోంచి రాయికి చుట్టి విసిరిన ఉత్తరాన్ని ఆస్టా నోట కరుచుకుని ఇల్లంతా పరుగెడుతుంది, దంపతులు వెంటపడి పట్టుకునేసరికి కొంత నమిలేసి ఉంటుంది. మొదటి సినిమాలో దాని కుక్కతనం ఆధారాన్ని బయటపెట్టింది, రెండవదానిలో అదే కుక్కతనం ఆధారాన్ని పాడుచేసింది. రచయితలు తమకు తామే విధించుకున్న నియమాన్ని ఇక్కడ తప్పలేదు: కుక్క డిటెక్టివ్‌కు సాయం చేసినా, అడ్డం పడినా, అది తన స్వభావం వల్లనే జరగాలి.

ఆ తరువాత పలచబడిందన్న మీ మాట మాత్రం నిజమే. మూడవ సినిమా (1939) నాటికి ఇంట్లో పసిబిడ్డ ఉన్నాడు. దంపతుల ముద్దుమురిపాలు చూపడానికి కుక్క ఒక్కటే ఆధారం కాకుండా పోయింది. ఇద్దరికీ చోటు చాలక రెండు పాత్రలూ నష్టపోయాయి. 1945లో వచ్చిన ‘ది థిన్ మ్యాన్ గోస్ హోమ్’లో బాబును తీసుకురాకుండా, ఆస్టాను మాత్రమే నిక్ సొంత ఊరికి రైల్లో తీసుకువెళ్తారు. కుక్కను ప్రయాణికుల పెట్టెలోకి రానివ్వకపోతే భార్యాభర్తలిద్దరూ సామాన్ల పెట్టెలోనే దానితోపాటు కూర్చుంటారు. పాతరీలు గారూ, మీరు ఆరింటినీ మళ్లీ చూసే ఓపిక లేకపోతే మొదటి రెండింటి తరువాత నేరుగా దీనికి రండి. మధ్యలోని రెండింటికంటే ఆస్టాకు ఇందులోనే ఎక్కువ మర్యాద దక్కింది.