డ్రైవర్ బిల్డ్‌ని ఆపే అనాలిసిస్ ఎర్రర్లు: నోరు నొక్కేయాలా, సరిచేయాలా?

కానూరు కుర్రాడు:
గుంటూరు మిర్చి యార్డులో కాటాలకి వాడే ఒక కార్డుకి విండోస్ కెర్నల్ డ్రైవర్ రాస్తున్నాం. కోడ్ కంపైల్ అవుతోంది, టెస్ట్ మెషీన్ మీద బాగానే నడుస్తోంది. విజువల్ స్టూడియోలో కోడ్ అనాలిసిస్ (కోడ్‌ని నడపకుండానే చదివి తప్పులు పట్టే టూల్) ఆన్ చేయగానే మాత్రం వార్నింగులన్నీ ఎర్రర్లయి బిల్డ్ ఆగిపోతోంది. ఎక్కువ భాగం సీ28167 నంబర్ వార్నింగే. అంటే ఫంక్షన్ ఐఆర్‌క్యూఎల్ (ప్రాసెసర్ ఏ ప్రాధాన్య స్థాయిలో నడుస్తోందో చెప్పేది) మార్చి, బయటికొచ్చేలోపు పాత స్థాయికి తేలేదని. సీజన్ మొదలైంది, కస్టమర్ రోజూ ఫోన్ చేస్తున్నారు, టెన్షన్‌గా ఉంది. ఆ నంబర్‌ని ప్రాజెక్టు మొత్తానికి డిసేబుల్ చేయమని మా లీడ్ అంటున్నారు. చేయొచ్చాండీ?

ఆటోనగర్:
చేసేయ్ తమ్ముడూ. మేం స్పిన్ లాక్ (ఒకసారికి ఒక్క కోర్‌నే లోపలికి రానిచ్చే తాళం, తీసుకుంటే ఐఆర్‌క్యూఎల్ పెరుగుతుంది) తీసుకునేది ఒక ఫంక్షన్‌లో, వదిలేది ఇంకో దాంట్లో పెడతాం. రెండూ కలిపి చూస్తే కోడ్ సరైనదే, కానీ ఆ టూల్ ఒక్కో ఫంక్షన్‌ని విడిగా చూసి రెండింటినీ తప్పంటుంది. డ్రైవర్ వెరిఫయర్ (నడుస్తున్న డ్రైవర్‌ని పరీక్షించే విండోస్ టూల్) పెట్టి రాత్రంతా నడుపు, బ్లూ స్క్రీన్ రాకపోతే పంపించు.

బ్రాడీపేట 4/7:
ఆటోనగర్ అన్నా, మీరు చెప్పిన లాక్ ఫంక్షన్ల సంగతి నిజమే. కానీ దానికి మందు డిసేబుల్ కాదు. ఈ ఫంక్షన్ కావాలనే ఐఆర్‌క్యూఎల్‌ని డిస్పాచ్ లెవెల్ అనే పై స్థాయికి పెంచుతుంది, ఇదిగో ఈ లాక్ పట్టుకుంటుంది అని డిక్లరేషన్ దగ్గరే శాల్ యానొటేషన్ (అనాలిసిస్ టూల్ చదువుకునే గుర్తు) రాయొచ్చు. వదిలే ఫంక్షన్‌కి దానికి తగ్గది రాస్తే రెండు ఎర్రర్లూ పోతాయి, మిగతా కోడ్ మీద కాపలా అలాగే ఉంటుంది.

తమ్ముడూ, యానొటేషన్లు పెట్టాక కూడా ఏవైనా మిగిలితే వాటిని భయంగా చూడు. సాధారణంగా దొరికేది ఇదే: లాక్ తీసుకుంటాం, మధ్యలో కార్డు నుంచి తప్పుడు స్టేటస్ వస్తే అక్కడే రిటర్న్ చేసేస్తాం, లాక్ వదలం. వెరిఫయర్ నడిచిన దారినే చూస్తుంది. ఆ రాత్రి కార్డు తప్పుడు స్టేటస్ ఇవ్వకపోతే ఆ దారి నడవనే నడవదు. యార్డులో ఏ కేబులో వదులైన రోజు నడుస్తుంది. అప్పుడు ఆ లాక్ కోసం వచ్చిన ప్రతి కోర్ అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది, కాటా దగ్గర రైతు నిలబడి ఉంటాడు.

ఇంకో మాట. టైమర్ డీపీసీలకి (టైమర్ గడువు తీరగానే విండోస్ పిలిచే ఫంక్షన్లకి) వాటి రోల్ టైప్, అంటే ఆ ఫంక్షన్ ఏ పనికో చెప్పే రకం, డిక్లేర్ చేశారా? చేయకపోతే ఆ ఫంక్షన్ డిస్పాచ్ లెవెల్‌లో నడుస్తుందని టూల్‌కి తెలియదు. చేసిన వెంటనే ఎర్రర్లు పెరగొచ్చు, కంగారు పడొద్దు. అక్కడి నుంచి ఫైల్‌లోకి లాగ్ రాస్తుంటే అది అసలైన తప్పు. ఫైల్ రాత పాసివ్ లెవెల్ అనే అన్నిటికంటే కింది స్థాయిలోనే జరగాలి, వర్క్ ఐటమ్‌కి (ఆ స్థాయిలో తర్వాత నడిచే పనికి) అప్పజెప్పండి.

ఆటోనగర్:
దారి నడవకపోతే వెరిఫయర్‌కి దొరకదన్న మాట ఒప్పుకుంటా. కానీ చిప్ కంపెనీ ఇచ్చిన పాత ఫైళ్ల సంగతేంటి? వాటికి యానొటేషన్లు రాసుకుంటూ కూర్చుంటే, వాళ్లు కొత్త వెర్షన్ పంపినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి రాయాలి. నలుగురున్న టీమ్ వల్ల అయ్యే పని కాదు.

బ్రాడీపేట 4/7:
ఆ ఫైళ్ల వరకు డిసేబుల్ చేయండి, నేను అడ్డు చెప్పను. మీరు రాసిన ఫైళ్లలో మాత్రం సప్రెస్ వాడండి. డిసేబుల్ పెడితే ఆ ఫైల్ చివరిదాకా వర్తిస్తుంది, సప్రెస్ తర్వాతి ఒక్క లైనుకే. దాని పైన కారణం కామెంట్‌గా రాయండి. కారణం రాయలేకపోతున్నారంటే ఆ ఎర్రర్ ఇంకా అర్థం కాలేదన్నమాట.

కానూరు కుర్రాడు:
లాక్ ఫంక్షన్ల జతకి యానొటేషన్ పెట్టాను, చాలా ఎర్రర్లు పోయాయి. మిగిలిన వాటిలో ఒకటి అచ్చం మీరన్నట్టే ఉందండీ: కార్డు జవాబివ్వకపోతే లాక్ వదలకుండా రిటర్న్ అవుతోంది. లీడ్‌కి ఆ లైను చూపించాను. డిసేబుల్ మాట ఆపి, కస్టమర్‌ని వారం గడువు అడుగుతానన్నారు.

ఆటోనగర్:
ఆ వారంలో ఆర్డర్ పోతే ఎవరిది బాధ్యత అన్న నా ప్రశ్న అలాగే ఉంది. కానీ ఆ రిటర్న్ సరిచేయకుండా మాత్రం పంపొద్దు తమ్ముడూ.