గ్రాహకమా, స్వీకర్తా, రిసెప్టరేనా? చిట్టెలుక అట్ట మీది ఒక వాక్యం

(ఇక్కడ మాట్లాడేవాళ్లకి విశాఖలోని వాళ్ల పేటల పేర్లే పెట్టాం.)

ప్రశ్న (పెదవాల్తేరు):
విశాఖలో పదో తరగతి పిల్లల విజ్ఞాన ప్రదర్శనకి గోడకి తగిలించే అట్ట ఒకటి తయారవుతోంది. మొదటి వాక్యం ఇలా వచ్చింది: ‘హార్మోన్ స్వీకర్తలు ఎలుకలలో జీవక్రియను మరియు ఒత్తిడి ప్రతిస్పందనలను ప్రభావితం చేస్తాయి.’ అక్షరాలు తెలుగువే, చెవికి మాత్రం ఎక్కడం లేదు. ‘స్వీకర్త’ దగ్గర పంటి కింద రాయి తగిలినట్టుంది. గ్రాహకం అనాలా, రిసెప్టర్ అని వదిలేయాలా?

ఎంవీపీ కాలనీ:
ముందు ‘మరియు’ని సాగనంపండి. ‘జీవక్రియనూ ప్రతిస్పందననూ’ అంటే దీర్ఘాలే ఆ పని చేసిపెడతాయి.

స్వీకర్త అంటే శాలువా కప్పించుకునే మనిషి. కణంలో ఉన్న ప్రోటీన్‌కి ఆ మర్యాద అక్కర్లేదు. గ్రాహకమే సరైనది, దానికి కారణం వ్యాకరణంలోనే ఉంది. గ్రహ్ ధాతువు మీద ణ్వుల్ ప్రత్యయం చేరి, ‘అక’ అయి, గ్రాహకం అయింది. అంటే పట్టుకునేది, కర్త. ఇంగ్లండులో లాంగ్లీ అనే శరీరశాస్త్రవేత్త 1905లో నికొటిన్, క్యురారే (బాణాలకు పూసే విషం) మీద పని చేస్తూ ‘రిసెప్టివ్ సబ్‌స్టెన్స్’, అంటే ‘గ్రహించే గుణమున్న పదార్థం’, అనే పేరు వాడాడు. హార్మోన్ అన్న మాట స్టార్లింగ్ అనే మరో ఇంగ్లండు శాస్త్రవేత్త నోట వచ్చిందీ ఆ ఏడాదే. దాని గ్రీకు మూలానికి ఉసిగొలపడమని అర్థం. ఆ ఇంగ్లీషు మాటల్లో ఉసిగొలిపేది చురుకు, పట్టుకునేది మెతక. మన మాటలో ఆ మెతకదనం లేదు. పైగా తెలుగులో ‘గ్రహించాను’ అంటే తీసుకున్నాననీ, అర్థమైందనీ రెండూను. రిసెప్టర్ చేసేవి కచ్చితంగా ఆ రెండు పనులే: హార్మోన్‌ని పట్టుకోవడం, దాని మాటను కణానికి తెలియజెప్పడం.

సీతమ్మధార:
ఒప్పుకున్నాం మేష్టారూ. హిందీ చదివిన పిల్లలకి గ్రాహక్ అంటే దుకాణానికి వచ్చే ఖాతాదారు గుర్తొస్తాడు, అదొక్కటే చిక్కు. పట్టుబడే హార్మోన్‌ని ‘గ్రాహ్యం’ అంటే జంట కుదురుతుందా?

ఎంవీపీ కాలనీ:
జంట బాగుంది కానీ కుదరదండి. తెలుగులో గ్రాహ్యం అంటే ఒప్పుకోదగినది, బోధపడేది అనే స్థిరపడిపోయింది. హార్మోన్ని హార్మోన్ అనే అనండి.

ఇంకొకటి. ఆ అట్ట మీద తాళం, తాళంచెవి బొమ్మ వేస్తున్నారేమో, చూసి వేయండి. ఇన్సులిన్ గ్రాహకానికి ఆ బొమ్మ కొంతవరకు నప్పుతుంది. అది కణం పొరలోనే పాతుకుని ఉంటుంది, ఇన్సులిన్ బయట తగిలితే లోపలి కొస ఫాస్ఫేట్లు అంటించే పని మొదలెడుతుంది. ఒత్తిడి హార్మోన్ సంగతి వేరు. చిట్టెలుకలో అది కార్టికోస్టెరాన్. కొవ్వులో కరిగే రకం కాబట్టి పొర దాటి లోపలికి నేరుగా వచ్చేస్తుంది. దాన్ని పట్టుకునే గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం కణద్రవంలో హెచ్.ఎస్.పి.90 వంటి తోడు ప్రోటీన్ల చేతుల్లో ఉంటుంది. హార్మోన్ తగలగానే వాటిని విడిపించుకుని కేంద్రకంలోకి వెళ్లి డి.ఎన్.ఎ. మీద కూర్చుంటుంది. కాలేయంలోనైతే కొత్తగా గ్లూకోజ్ తయారుచేసే ఎంజైమ్‌ల జన్యువులను పెంచుతుంది. తాళం చెవిని పట్టుకుని బీరువాలోకి నడిచి వెళ్లడం ఎక్కడైనా ఉందా?

గాజువాక:
ఒత్తిడి గురించి ఒక మాట. ఇంజనీరింగు తెలుగులో దీనికి ప్రతిబలం అన్న మాట ఉంది, వికృతి దాని జోడీ. బరువు పడిన ఇనప కడ్డీ లోపల పుట్టేది ప్రతిబలం, కడ్డీ సాగడం వికృతి. హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లో నేచర్ పత్రికలో ఎలుకల మీద రాసిన చిన్న వ్యాసంతో మొదలైన దారిలో, తర్వాత ‘స్ట్రెస్’ అన్న ఆ భౌతికశాస్త్రపు మాటను శరీరానికి తగిలించాడు. శరీరం స్పందించే తీరుకే ఆ పేరు పెట్టడంతో, కారణానికి మరో మాట పుట్టించుకోవలసి వచ్చింది. మనకా తంటా లేదు. ఒత్తడం ఎప్పుడూ బయటినుంచే కదా. ఒత్తిడి కారణం, ప్రతిస్పందన ఫలితం. కాబట్టి ప్రతిబలం వద్దు, ఒత్తిడే ఉంచండి.

సీతమ్మధార:
‘ఎలుక’ కూడా మార్చాలి. తెలుగులో ఎలుక అంటే పెద్దదీ చిన్నదీ రెండూ వస్తాయి. సెల్యేవి పెద్దవి, మీ అట్ట మీదవి చిన్నవి. చిట్టెలుక అని రాయండి. పెరిగిన చిట్టెలుక 20 నుంచి 30 గ్రాములు, ప్రయోగశాల పెద్ద ఎలుక దానికి పదింతలు పైనే. బరువును బట్టి మందు కట్టే చోట ఈ ఒక్క మాట తప్పితే లెక్కంతా తప్పుతుంది. (పందికొక్కు జోలికి పోనక్కర్లేదు, అది మన దగ్గరనుంచి వెళ్లి ఇంగ్లీషులో బాండికూట్ అయి కూర్చుంది.)

‘కార్టిసాల్’ అని ఎక్కడైనా ఉంటే కొట్టేయండి. మనిషికి ముఖ్యమైన ఒత్తిడి హార్మోన్ అది. చిట్టెలుక అధివృక్క గ్రంథిలో దాన్ని తయారుచేసే 17-హైడ్రాక్సిలేజ్ ఎంజైమ్ లేదు. మనుషుల కార్టిసాల్ కిట్‌తో చిట్టెలుక రక్తాన్ని పరీక్షిస్తే వచ్చే అంకెకి అర్థం ఉండదు.

గాజువాక:
‘ప్రభావితం చేస్తాయి’ అన్నదే నాకు నచ్చనిది. ఏ గ్రాహకం ఏం చేస్తుందో చెప్పకుండా దాటేసే క్రియ అది.

ఎంవీపీ కాలనీ:
నిజమే. కార్టికోస్టెరాన్‌కి గ్రాహకాలు రెండు. మినరలోకార్టికాయిడ్ గ్రాహకం దాన్ని దాదాపు పదింతలు గట్టిగా పట్టుకుంటుంది. అందుకని హార్మోన్ తక్కువగా ఉన్న వేళ మెదడులో ముందుగా నిండేది అదే. చిట్టెలుక రాత్రి తిరిగే జంతువు, దానికి ఆ తక్కువ వేళ మన ఉదయం. దీపాలు ఆరే వేళకి హార్మోన్ శిఖరానికి చేరుతుంది. అప్పుడూ, భయం తగిలినప్పుడూ గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం కూడా నిండుతుంది. నిండి, ‘ఇక చాలు’ అని మెదడుకి చెప్పేది అదే.

ఈ గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకాన్ని ఒక్కో చోట తీసేసి చూస్తే తేడా తెలుస్తుంది. ఒళ్లంతా లేకుండా చేస్తే పిల్లలు పుట్టీ పుట్టగానే పోతాయి, ఊపిరితిత్తులు పక్వం కావు. మెదడులో మాత్రం తీసేస్తే హార్మోన్ పెరుగుతుంది, బెరుకు మాత్రం తగ్గుతుంది. కాలేయంలో తీసేస్తే ఎక్కువసేపు పస్తు పెట్టినప్పుడు చక్కెర పడిపోతుంది. లెప్టిన్ అంటే కొవ్వు కణాల నుంచి వచ్చి ఆకలిని తగ్గించే హార్మోన్, దాని గ్రాహకం చెడిన ‘డి.బి.’ రకం చిట్టెలుకలు ఊబకాయంతో, మధుమేహంతో ఉంటాయి, వాటిలో కార్టికోస్టెరాన్ కూడా ఎక్కువే. ఇన్నింటినీ ‘ప్రభావితం’ అన్న ఒక్క గోనెసంచీలో కుక్కితే ఎలా?

పెదవాల్తేరు:
రెండో అట్ట ‘ఎలా కొలుస్తారు’ అన్నది. అందులో ‘రాత్రంతా ఉపవాసం ఉంచి’ అని ఉంది.

సీతమ్మధార:
చిట్టెలుకకి ఏకాదశి లేదమ్మా. మనసుపడి మానేస్తే ఉపవాసం, దొరక్క మానేస్తే పస్తు. ‘పస్తు పెట్టి’ అనండి. ‘రాత్రంతా’ కూడా ఆలోచించి రాయండి. అది తిండి తినేదే రాత్రి. 16 గంటలు పస్తు పెడితే కాలేయంలో దాచుకున్న గ్లైకోజన్ ఇంచుమించు ఖాళీ అయిపోతుంది, చూస్తున్నది ఆకలి శరీరాన్ని అవుతుంది. పొద్దున్నే మేత తీసేసి 6 గంటలు ఆగడం చాలాచోట్ల మేలు. నీళ్లు తీయకూడదు.

ఆ తర్వాత కిలో బరువుకి 2 గ్రాముల గ్లూకోజ్ ఉదర కుహరంలోకి సూదితో ఎక్కించి, రక్తంలో చక్కెర ఎంత త్వరగా దిగుతుందో చూస్తారు. 25 గ్రాముల చిట్టెలుకకి 50 మిల్లీగ్రాములు, అంటే 20 శాతం ద్రావణం పావు మిల్లీలీటరు. తోక కొన నుంచి చుక్క తీసి 0, 15, 30, 60, 90, 120 నిమిషాలకి గ్లూకోమీటర్‌లో చూస్తారు.

ఒత్తిడి కొలిచేటప్పుడు గాలి కన్నాలున్న గొట్టంలో 30 నిమిషాలు కదలకుండా ఉంచి, 0, 30, 60, 120 నిమిషాలకి రక్తం తీయవచ్చు. మొదటి చుక్క విషయంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పంజరం ముట్టుకున్నాక 3 నిమిషాల లోపల తీయాలి, దాటితే కార్టికోస్టెరాన్ ఎక్కడం మొదలవుతుంది. అప్పుడు ‘సాధారణ స్థాయి’ అని రాసుకున్నది నిజానికి మన చెయ్యి పెట్టిన భయం. తోక పట్టి ఎత్తితే బెరుకు పెరుగుతుంది. గొట్టంలోకి నడిపించి గానీ, రెండు అరచేతుల దోసిట్లో గానీ ఎత్తాలి. 25 గ్రాముల జంతువులో ఉన్న రక్తమే సుమారు 2 మిల్లీలీటర్లు, ఒక రోజులో అన్ని చుక్కలూ కలిపి అందులో పదో వంతు దాటకూడదు.

గాజువాక:
గది వేడి కూడా రాయండి. మన ఉక్కపోతలో ఏసీ వేసి 22 డిగ్రీలకి తెస్తే మనకి హాయి, చిట్టెలుకకి చలి. దానికి హాయి 30 దగ్గర. 22లో ఉన్నది ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికే తిన్నదాంట్లో చాలాభాగం మండిస్తుంది. గూడు కట్టుకునేందుకు కాగితం పీచు లేకుండా ఒంటరిగా ఉంచితే మరీను. రెండు గుంపుల్లో ఒకదాన్ని గుంపుగా, ఇంకోదాన్ని విడిగా ఉంచి, తేడా అంతా గ్రాహకానిదే అని రాసేస్తే, అది చలి తేడా కూడా కావచ్చు.

పెదవాల్తేరు:
అన్నీ కలిపి మళ్లీ రాశాను: ‘చిట్టెలుక ఒత్తిడికి తట్టుకునే తీరూ, దాని జీవక్రియా హార్మోన్ గ్రాహకాలను బట్టి మారతాయి.’

ఎంవీపీ కాలనీ:
బాగుందమ్మా, రెండు దిద్దుబాట్లు. ‘ఒత్తిడిని’ తట్టుకుంటాం, ‘ఒత్తిడికి’ కాదు. పదో తరగతి పుస్తకంలో జీవక్రియలంటే పోషణ, శ్వాసక్రియ, విసర్జన వగైరా అన్నీను. పిల్లలు అదే అనుకుంటారు. ఇక్కడ మనం చెప్పేది అంత పెద్దది కాదు. ‘తిన్నదాన్ని ఖర్చుపెట్టే తీరు’ అంటే సరిపోతుంది.

సీతమ్మధార:
ఖర్చుపెట్టేదే కాదండీ, దాచుకునేది కూడా. డి.బి. చిట్టెలుక బాధంతా దాచుకోవడంలోనే ఉంది.

పెదవాల్తేరు:
‘చిట్టెలుక ఒత్తిడిని తట్టుకునే తీరూ, తిన్నదాన్ని దాచుకునే, ఖర్చుపెట్టే తీరూ హార్మోన్ గ్రాహకాలను బట్టి మారతాయి.’ అట్ట అచ్చుకి వెళ్తోంది. తాళంచెవి బొమ్మ తీసేశాను.