17వ రోజు చూడి ఉంది, 34వ రోజుకి గుండె కొట్టుకోవడం లేదు. ఎక్కడ పోయింది?

నల్లకంఠం

మార్వారీ జాతి ఆడగుర్రం, 15 ఏళ్లు, బరువు 360 కిలోల దాకా. నాలుగు ఈతలు అయ్యాయి, చివరి ఈత మూడేళ్ల కిందట. ఎదలో రోజు విడిచి రోజు మూడుసార్లు దాటించాం. చివరిసారి దాటించిన రోజు నుంచి లెక్కేస్తే 17వ రోజు స్కాన్‌లో 24 మి.మీ. పిండసంచి ఒకటే కనిపించింది. చూడి నిలబడాలని ఆ రోజూ, మళ్లీ పది రోజులకీ హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ కాప్రోయేట్ 500 మి.గ్రా. కండకి వేశారు. నిన్న 34వ రోజు. సంచి ఉంది గానీ అంచు ముడతలు పడింది, పిండంలో గుండె కదలిక లేదు. మేత మామూలే, స్రావం ఏమీ లేదు.

ఇప్పుడు వెంటనే ఏం చేయాలి? మళ్లీ దాటిస్తే ఏయే రోజుల్లో చూడి పరీక్ష చేయించాలి? నిలబడటానికి వేసిన ఇంజెక్షన్ ఎందుకు పని చేయలేదు?

పశువైద్యుడు, హైదరాబాద్

మొదటి ప్రశ్నకి ముందు జవాబు, ఎందుకంటే దానికి గడువు ఉంది. ఆడగుర్రంలో 35వ రోజు దాటాక పిండం పొర నుంచి కొన్ని కణాలు గర్భసంచి గోడలోకి దిగి గిన్నెల్లాంటి గడ్డలు కడతాయి. వాటిని ఎండోమెట్రియల్ కప్స్ అంటాం. పీఎంఎస్‌జీ హార్మోను వాటి నుంచే వస్తుంది. ఒకసారి కట్టాయంటే పిండం చనిపోయినా అవి ఉంటాయి. 100 నుంచి 140 రోజుల వరకు హార్మోను వస్తూనే ఉంటుంది. ఈలోపు గుర్రం సరిగ్గా ఎదకు రాదు, వచ్చినా నిలవదు. అంటే ఆ సీజన్ పోయినట్టే.

కాబట్టి ఇవాళే మరోసారి స్కాన్ చేయించండి. గుండె కదలిక లేదని మళ్లీ తేలితే ప్రోస్టాగ్లాండిన్ (చూడి దించి ఎదకు తెచ్చే మందు) వేయించండి. క్లోప్రోస్టినాల్ అయితే 250 మైక్రోగ్రాములు, అంటే మన దగ్గర దొరికే సీసాలో 1 మి.లీ. గేదెకి వేసే 2 మి.లీ. వద్దు. వేసిన అరగంట లోపు చెమట, పొర్లాలన్నట్టు కొద్దిగా కడుపునొప్పి రావచ్చు, దానంతట అదే తగ్గుతుంది. ఈ మందును గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. చర్మం మీద పడినా లోపలికి ఇంకుతుంది.

సాధారణంగా 3 నుంచి 5 రోజుల్లో ఎదకు వస్తుంది. ఆ ఎదలో దాటించకండి. గర్భసంచి ముఖద్వారం తెరుచుకుని ఉంటుంది కాబట్టి స్వాబ్ (క్రిముల పరీక్ష), సైటాలజీ (కణాల పరీక్ష) తీయించడానికి అదే అదను. 15 ఏళ్ల గుర్రం, పైగా మూడేళ్లుగా ఖాళీ. నేనైతే గర్భసంచి పొర బయాప్సీ కూడా చేయిస్తాను. ఆ పొర ఎంత బాగుందో గ్రేడులుగా చెప్పే కెన్నీ-డాయిగ్ పద్ధతిలో గ్రేడ్ 1 వస్తే పిల్ల ఈనే అవకాశం 80 నుంచి 90 శాతం, 2ఎ అయితే 50 నుంచి 80, 2బి అయితే 10 నుంచి 50, గ్రేడ్ 3 అయితే పది లోపే. 2బి వచ్చిందంటే మందుల మీద డబ్బు పెట్టే ముందు ఒకసారి ఆలోచించుకోవాలి.

స్టడ్‌ఫారం వెటర్నరీ

డాక్టరు గారు చెప్పింది సరే. రెండో ప్రశ్న నేను తీసుకుంటాను.

ముందు సున్నా రోజు సరిచేయండి. లెక్క దాటించిన రోజు నుంచి కాదు, అండం విడుదలైన రోజు నుంచి. ఎద 5 నుంచి 7 రోజులు ఉంటుంది, అండం విడుదలయ్యేది ఎద ముగియడానికి ఒకటి రెండు రోజుల ముందు. వీర్యం లోపల రెండు రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే బతుకుతుంది. మీ 34వ రోజు నిజానికి 32 కావచ్చు, 36 కావచ్చు. పైన చెప్పిన గడువు విషయంలో ఈ తేడా చిన్నది కాదు. ఈసారి ఎదలో రోజూ స్కాన్ చేసి, పెద్ద ఫాలికల్ (అండం ఉండే నీటి బుడగ) మాయమైన రోజు రాసిపెట్టుకోండి.

దాటించిన మరునాడు లోపల నీరు ఎంత ఉందో చూడండి. ముసలి గుర్రాలు వీర్యం వల్ల వచ్చిన వాపును కడిగేసుకోలేవు, చూడి నిలవకపోవడానికి ఎక్కువగా ఇదే మూలం. 2 సెం.మీ. లోతు మించి నీరు కనిపిస్తే లీటరు, రెండు లీటర్ల రింగర్ లాక్టేట్‌తో కడిగి, గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ 10 నుంచి 20 యూనిట్లు ఆరు గంటలకోసారి ఇస్తారు. పిండం ఆరో రోజుకి గాని గర్భసంచిలోకి దిగదు కాబట్టి మొదటి మూడు రోజుల్లో కడిగితే దానికి ఏమీ కాదు.

తర్వాత 14వ రోజు. సంచి 15 మి.మీ. అటూఇటూ ఉంటుంది, 16వ రోజు వరకు గర్భసంచి రెండు కొమ్ముల్లో తిరుగుతూనే ఉంటుంది. అలా తిరగడం వల్లే తల్లికి చూడి ఉందని తెలుస్తుంది. కవలలు ఉంటే పట్టుకోవాల్సింది ఇప్పుడే. రెండో అండం ఒక రోజు ఆలస్యంగా విడుదలైతే రెండో సంచి చిన్నగా ఉంటుంది, 17వ రోజు తొందరగా చూస్తే పక్కదాని వెనక దాక్కుంటుంది. ఒక కొమ్ము కొన నుంచి రెండో కొమ్ము కొన వరకు, అక్కడి నుంచి ముఖద్వారం వరకు ప్రోబ్ మొత్తం తిప్పాలి. రెండు కనిపిస్తే ఒకదాన్ని వేళ్లతో చిదిపేస్తారు. 16వ రోజు లోపు అయితే చేయి తిరిగిన వైద్యుడికి పదింట తొమ్మిదిసార్లు రెండోది నిలుస్తుంది. గర్భసంచిలో సిస్టులు (నీటి తిత్తులు) ఉన్న గుర్రమైతే దాటించే ముందే వాటి చోటు, కొలత రాసి ఉంచండి. సిస్టు కదలదు, రోజురోజుకీ పెరగదు.

మూడోది 25 నుంచి 28 రోజుల మధ్య. గుండె కొట్టుకోవడం కనిపించాలి. పిండం మొదట సంచి అడుగున ఉండి, కింద కొత్త నీటి అర పెరిగే కొద్దీ పైకి లేస్తుంది. 28 దగ్గర నడిమధ్యలో ఉంటే లెక్క కుదిరినట్టు. సంచి వయసుకి చిన్నదిగా ఉన్నా, గర్భసంచి గోడ ఎదలో లాగా ఉబ్బి మడతలు కనిపించినా మూడు రోజుల్లో మళ్లీ చూడాలి. మీ దగ్గర 17కీ 34కీ మధ్య ఒక్క స్కానూ లేదు, అందుకే ఎప్పుడు పోయిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఆ తర్వాత 42, 60 రోజులకి ఒక్కోటి చాలు.

పశువైద్యుడు, హైదరాబాద్

ఇంజెక్షన్ సంగతి. అది మనుషులకి, ఆవులకి వాడే మందు. ఆడగుర్రంలో సీఎల్ (అండాశయంలో ప్రొజెస్టిరాన్ అనే చూడి నిలిపే హార్మోనును ఇచ్చే గడ్డ) తీసేసి ఈ మందు మీదే చూడి నిలబెట్టాలని పరీక్షించి చూశారు, నిలవలేదు. మెడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ కూడా అంతే. గుర్రంలో పనిచేసేవి రెండు. ఒకటి నోటి ద్వారా రోజూ ఆల్ట్రినోజెస్ట్, కిలోకి 0.044 మి.గ్రా. మి.లీ.కి 2.2 మి.గ్రా. బలం ఉన్న ద్రావణమైతే 360 కిలోలకి 7.2 మి.లీ. చేతికి గ్లౌజు తప్పనిసరి. రెండోది నూనెలో ఉన్న మామూలు ప్రొజెస్టిరాన్, రోజూ 150 మి.గ్రా. కండకి. కండ వాచిపోతుంది, వారానికే గుర్రం సూది చూసి తన్నడం మొదలుపెడుతుంది.

కానీ మందు వేసే ముందు లోటు ఉందో లేదో చూసుకోండి. రక్తంలో ప్రొజెస్టిరాన్ మి.లీ.కి 4 నానోగ్రాములు దాటితే చాలు, 2 లోపు అయితే ప్రమాదం. ముసలి గుర్రంలో ఎక్కువసార్లు లోపం అండంలోనో గర్భసంచి పొరలోనో ఉంటుంది, హార్మోను దాన్ని బాగు చేయదు. ఇంకొకటి: ఆల్ట్రినోజెస్ట్ మీద ఉన్న గుర్రం పిండం చచ్చినా ఎదకు రాదు, బయటికీ వేయదు. అందుకని వాడినంత కాలం రెండు వారాలకోసారి స్కాన్. 120 రోజులకి మాయ సొంతంగా హార్మోను ఇస్తుంది, అప్పుడు ఆపేయొచ్చు.

నల్లకంఠం

మా దగ్గర స్కాన్ మెషీన్ ఉన్న డాక్టరు గారు రెండు వారాలకోసారే వస్తారు. మధ్యలో పీఎంఎస్‌జీ రక్త పరీక్షతో సరిపెట్టుకోవచ్చా? హెర్పిస్ టీకా కూడా వేయించమంటున్నారు.

స్టడ్‌ఫారం వెటర్నరీ

పీఎంఎస్‌జీ పరీక్ష 40వ రోజు ముందు పనికిరాదు, ఆ తర్వాత పిండం పోయినా చూడి ఉన్నట్టే చూపిస్తుంది. కారణం పైన చెప్పిన గిన్నెలే. రెండు వారాలకే వచ్చేట్టయితే ఆయన రాకలు 14, 28 రోజులకి పడేలా ఎదను ప్రోస్టాగ్లాండిన్‌తో సర్దుకోండి.

హెర్పిస్ వైరస్ వల్ల ఈసుకుపోయేది (గర్భస్రావం) ఎక్కువగా ఏడో నెల దాటాక. 5, 7, 9 నెలల్లో టీకా వేస్తారు, మంచిదే. 34 రోజుల నష్టానికీ దానికీ సంబంధం లేదు.

పశువైద్యుడు, హైదరాబాద్

ఒక్క మాట, వచ్చే డాక్టరుకి ఆవులు, గేదెలే అలవాటైతే ఇది అవసరం. గుర్రం మలద్వారం లోపలి పేగు గేదెదంత గట్టిది కాదు, ముక్కుతున్నప్పుడు చేయి ముందుకు తోస్తే చిరుగుతుంది. చిరిగితే ప్రాణానికే ముప్పు. ట్రెవిస్‌లో (కదలకుండా నిలిపే చట్రంలో) కట్టాలి, జెల్లీ ధారాళంగా వాడాలి, ముక్కితే చేయి ఆపాలి. గ్లౌజు మీద రక్తం కనిపిస్తే ఆ రోజు స్కాన్ అక్కడితో ఆపేసి, చిరుగు ఉందేమో వెంటనే చూడాలి.