డబ్బు ఒక్క పనికే ఉంది: సెక్యూరిటీయా, ఏఐ ఫీచరా, కోడ్ కొత్తగా రాయడమా?

కేపీహెచ్‌బీ_డెవ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కేపీహెచ్‌బీలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, తొమ్మిది మందిమి. డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లకు బిల్లింగ్, రిపోర్టుల సాఫ్ట్‌వేర్ చేస్తాం. పొద్దున రక్తం ఇచ్చి వెళ్తే సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు లింకు వస్తుంది కదా, అది పంపేది మా సాఫ్ట్‌వేరే. కస్టమర్లు హైదరాబాద్, వరంగల్, కరీంనగర్ వైపు ల్యాబ్‌లు.

ఇప్పుడు మూడు వైపుల నుంచి ఒత్తిడి. ఒక పెద్ద హాస్పిటల్ గ్రూపు మా సాఫ్ట్‌వేర్ తీసుకుంటామంటోంది, ముందు సెక్యూరిటీ ప్రశ్నలతో పెద్ద ఎక్సెల్ షీట్ పంపింది. ఐఎస్ఓ 27001 (సమాచార భద్రత సర్టిఫికెట్) ఉందా, పెన్ టెస్ట్ (హ్యాకర్‌లా చొరబడి లోపాలు వెతికే పరీక్ష) రిపోర్టు ఉందా, లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం చేశారో రికార్డు) ఎన్నాళ్లు దాస్తారు అని. పాత ల్యాబ్‌ల వాళ్లేమో రిపోర్టును పేషెంటుకు తెలుగులో వివరించే ఏఐ ఫీచర్ కావాలంటున్నారు, వేరే కంపెనీ డెమోలో చూపించిందట. మా టీమ్ వాళ్ల మాట ఇంకోటి. కోడ్ ఇంకా పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్ 7.4లోనే ఉంది, మొత్తం కొత్తగా రాసేద్దాం అంటున్నారు.

ఉన్న డబ్బు వీటిలో ఒక్కదానికే సరిపోతుంది. జీతాలు ఒక్క నెల కూడా ఆగకూడదు, నాకు అన్నిటికన్నా అదే ముఖ్యం. ఈ దశ దాటినవాళ్లు ఏది ముందు చేయాలో చెప్పండి.

మాదాపూర్_ఇన్‌ఫ్రా

బ్రదర్, ఆ షీట్ రెండు రోజులు పక్కన పెట్టండి. పైసా ఖర్చు లేని పని ఒకటుంది, ముందు అది చేయండి. నిన్న రాత్రి బ్యాకప్ తీసుకుని, ఒక ఖాళీ మెషీన్ మీద డేటాబేస్ ఎక్కించి, మీ సాఫ్ట్‌వేర్ దానికి తగిలించి, ఏదో ఒక ల్యాబ్‌లో మొన్నటి థైరాయిడ్ రిపోర్టు ప్రింట్ తీయండి. ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకోండి. ఫోల్డర్‌లో ఫైల్ కనిపిస్తోంది కాబట్టి బ్యాకప్ ఉందనుకోవద్దు, ఆ ప్రింట్ చేతికి రావాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజినీరు వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తుడిచేశాడు. రోజువారీ డంప్ (డేటాబేస్ బ్యాకప్ ఫైల్) చూస్తే, డేటాబేస్ వెర్షన్ తేడా వల్ల అది ఫెయిల్ అవుతూ వస్తోంది. ఫెయిల్ అయిందని చెప్పే మెయిల్స్ కూడా దారిలోనే రిజెక్ట్ అయి ఎవరికీ అందలేదు. ఆరు గంటల ముందు ఒక ఇంజినీరు వేరే పని కోసం చేత్తో తీసుకున్న స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న డేటా కాపీ) ఉండబట్టి బయటపడ్డారు. అంత పేరున్న ఇంజినీర్లు పనిచేసే చోట జరిగింది ఇది, పైగా వాళ్లే పూసగుచ్చినట్టు రాసి బయటపెట్టారు. అందుకే ఆ కంపెనీ అంటే నాకు గౌరవం.

ఇంకోటి, 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ. క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్‌లోకి ఒకడు చొరబడి డబ్బు అడిగాడు. వాళ్లు అతన్ని బయటికి పంపే ప్రయత్నం చేసేసరికి డేటా, బ్యాకప్‌లు చాలావరకు చెరిపేశాడు. అన్నీ ఒకే అకౌంట్‌లో ఉండటం వల్ల ఒక్క దెబ్బకు పోయాయి, కంపెనీ మూతపడింది. కాబట్టి రెండో కాపీ వేరే అకౌంట్‌లో, రోజూ కోడ్ రాసేవాళ్ల చేతికి అందని చోట, గడువు తీరేదాకా డిలీట్ కాకుండా లాక్ పెట్టి ఉంచండి. మీ సర్వర్ ముంబైలో ఉంటే కాపీ హైదరాబాద్ రీజియన్‌లో పెట్టొచ్చు, అమెజాన్ క్లౌడ్‌కు 2022 నవంబరు నుంచి ఇక్కడ రీజియన్ (సొంత డేటా సెంటర్లు) ఉంది.

ఆ తర్వాత రిపోర్టు లింకు చూడండి. లింకు చివర బిల్లు నంబరుందా? చివరి అంకె ఒకటి పెంచి, లాగిన్ లేకుండా బ్రౌజర్‌లో తెరవండి. పక్క పేషెంటు షుగర్ రిపోర్టు తెరుచుకుంటే మిగతా పనులన్నీ ఆపి అదే సరిచేయాలి. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021 లోపాల జాబితాలో మొదటి స్థానం ఈ తరహా లోపాలదే. హెచ్ఐవీ పరీక్ష చేయించుకున్న మనిషి పేరు ఇంకొకరి ఫోన్‌లో కనిపిస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో ఆలోచించండి. నేను సెక్యూరిటీ ముందు అనేది ఆ పేషెంటు కోసం, హాస్పిటల్ షీట్ తర్వాతి సంగతి.

కోడ్ మొత్తం కొత్తగా రాయడం మాత్రం వద్దు. పీహెచ్‌పీ 7.4కు సెక్యూరిటీ అప్‌డేట్లు 2022 నవంబరులోనే ఆగిపోయాయి కాబట్టి ఇప్పుడు సపోర్టులో ఉన్న 8 సిరీస్ వెర్షన్‌కు మారడం తప్పనిసరి. అది కొన్ని వారాల పని. మొత్తం తిరగరాయడం అలా కాదు. వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి మారే నార్మల్ రేంజ్‌లు, ప్యాకేజీ డిస్కౌంట్లు, ఒక్కో ల్యాబ్‌కు ఒక్కో ప్రింట్ ఫార్మాట్... ఇవన్నీ ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండవు, ఆ పాత కోడ్‌లోనే ఉంటాయి. ఒక్కో మాడ్యూల్ విడదీసి మార్చుకుంటూ పోండి.

కంప్లయన్స్_అక్క

పై రిప్లైతో ఏకీభవిస్తున్నా. షీట్ సంగతి నేను చెబుతాను.

హాస్పిటల్‌వాళ్లు అంత గుచ్చి గుచ్చి అడగడానికి కారణం ఉంది. 2023 డిజిటల్ పర్సనల్ డేటా చట్టంలో బాధ్యత డేటా సేకరించే సంస్థదే, అంటే హాస్పిటల్‌ది. మీలాంటి ప్రాసెసర్ (వాళ్ల తరఫున డేటా నడిపే కంపెనీ) దగ్గర లీకైనా జవాబు చెప్పాల్సింది వాళ్లే. సరైన రక్షణ చర్యలు లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు వెళ్లొచ్చు. అందుకే ఆ భారాన్ని కాంట్రాక్టు ద్వారా మీ మీదికి దించుతారు. 2025 నవంబరులో రూల్స్ నోటిఫై అయ్యాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. కాంట్రాక్టులో నష్టపరిహారం క్లాజు ఎక్కడుందో వెతికి, దానికి పరిమితి పెట్టమని అడగండి. తొమ్మిది మంది కంపెనీ పరిమితి లేని బాధ్యత మీద సంతకం చేయకూడదు.

ఇక సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాలు మీకూ వర్తిస్తాయి. సైబర్ దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లో రిపోర్టు చేయాలి, 180 రోజుల లాగ్‌లు దాచాలి. పైన చెప్పిన డేటా చట్టం కొత్త రూల్స్‌లో లాగ్‌లు ఏడాది ఉంచాలని ఉంది, ఇప్పుడే ఏడాదికి సెట్ చేసేయండి. ఆదివారం రాత్రి ఏదైనా జరిగితే ఆ 6 గంటల్లో ఫోన్ ఎత్తేది ఎవరు? ఒక పేరు రాసి పెట్టుకోండి.

ఐఎస్ఓ సర్టిఫికెట్ కోసం ఇప్పుడే పరుగెత్తొద్దు. సెర్ట్-ఇన్ జాబితాలో ఉన్న ఆడిటర్‌తో పెన్ టెస్ట్ చేయించి, ఆ రిపోర్టు, లోపాలు సరిచేసిన రుజువు ఇస్తూ, ఐఎస్ఓ ఫలానా తేదీకల్లా తెస్తామని రాసివ్వండి. చాలామంది ఒప్పుకుంటారు. షీట్‌లో లేనిదాన్ని ఉందని మాత్రం రాయకండి, రేపు అదే కాంట్రాక్టులో భాగమవుతుంది.

ఏఐ ఫీచర్‌కు తొందరేం లేదు. పేరు, ఫోన్ నంబరు తీసేయకుండా రిపోర్టును బయటి కంపెనీ ఏఐ మోడల్‌కు పంపితే పైన చెప్పిందంతా వృథా.

అమీర్‌పేట్_అకౌంట్స్

నాది డబ్బు వైపు మాట. పెద్ద కస్టమర్ వచ్చాడని సంతోషించే ముందు పేమెంట్ టర్మ్స్ చూడండి అన్నా. 90 రోజులంటే ఆ మూడు నెలల జీతాలు మీ జేబులోంచే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వ నమోదు) లేకపోతే వెంటనే చేసుకోండి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. కేసు వేయమని కాదు, బేరమాడేటప్పుడు ఆ మాట చేతిలో ఉంటుంది.

పెన్ టెస్ట్ ఖర్చు పాత కస్టమర్ల ఏఎంసీ (ఏటా తీసుకునే మెయింటెనెన్స్ ఫీజు) లోంచే రావాలి. ఏఎంసీ రేటు పెంచి చాలా ఏళ్లయి ఉంటుంది, అవునా? రిపోర్టులు భద్రంగా ఉంచడానికి ఏం చేస్తున్నారో ఒక పేజీలో రాసి, దానితోపాటు కొత్త రేటు పంపండి. ల్యాబ్ ఓనర్లు బేరమాడతారు, కానీ డేటా పోతుందన్న టెన్షన్ వాళ్లకూ ఉంది.

కేపీహెచ్‌బీ_డెవ్

అందరికీ చాలా థాంక్స్. లింకుల్లో బిల్లు నంబరు లేదు, పొడుగాటి ర్యాండమ్ కోడ్ ఉంది, కానీ గడువు లేదు. ఈ వారం పెడతాం. బ్యాకప్ రీస్టోర్ చేసి చూడటం శనివారం.

ఒక చిక్కు మిగిలింది. ల్యాబ్ కౌంటర్‌లో ముగ్గురూ ఒకే లాగిన్ వాడతారు. ఫాస్టింగ్ శాంపిళ్ల కోసం పొద్దున ఆరున్నరకే లైన్ ఉంటుంది, ఆ రద్దీలో ఓటీపీ అంటే ఎవరూ ఒప్పుకోరు. లాగ్‌లో మాత్రం అందరూ ఒకే పేరు. ఏం చేయాలి?

మాదాపూర్_ఇన్‌ఫ్రా

కౌంటర్ కంప్యూటర్‌ను ఒకసారి ఓనర్ ఓటీపీతో రిజిస్టర్ చేయించండి. ఆ మెషీన్ మీద మాత్రమే పనిచేసేలా ఒక్కొక్కరికీ సొంత పిన్ ఇవ్వండి, తెర మీద ముగ్గురి పేర్లుంటాయి, పేరు నొక్కి పిన్ కొడితే చాలు. వరసగా ఐదు తప్పులు పడితే ఆ పేరు లాక్ అవ్వాలి. ఎక్కడినుంచైనా తెరవగలిగే ఓనర్ లాగిన్‌కు, మీ టీమ్ అడ్మిన్ లాగిన్‌లకు మాత్రం ఆథెంటికేటర్ యాప్ (ఫోన్‌లో మారుతూ ఉండే కోడ్ చూపేది) తప్పనిసరి చేయండి.

ఉద్యోగం మానేసిన మనిషి లాగిన్ ఆ రోజే మూసే బటన్ ల్యాబ్ ఓనర్ ఫోన్‌లో ఉండాలి. దానికోసం మీ సపోర్ట్‌కు కాల్ చేయాల్సి వస్తే వాళ్లు చేయరు, ఆ లాగిన్ ఏళ్ల తరబడి తెరిచే ఉంటుంది.