నర్సంపేట నుంచి చేస్తే 32 సెకన్లకు కాల్ కట్ అయితంది, వాళ్ల గొంతు మాకు వస్తలేదు

ఏనుమాముల కోల్డ్‌స్టోరేజ్:
అన్నలకు నమస్తే. మాది వరంగల్ ఏనుమాముల మార్కెట్ దగ్గర కోల్డ్‌స్టోరేజ్. ఆఫీసుల ఒక పాత కంప్యూటర్ల ఆస్టరిస్క్ (ఫోన్ ఎక్స్చేంజ్ లెక్క పనిచేసే సాఫ్ట్‌వేర్) ఏసి 9 ఐపీ ఫోన్లు (నెట్ మీద నడిచేటివి) పెట్టినం, లోపల్లోపల మంచిగనే నడుస్తున్నయ్. నర్సంపేట బ్రాంచిల 3 ఫోన్లు పెట్టి ఈడి సర్వర్‌కే రిజిస్టర్ చేసిన, రింగు అయితది, ఎత్తుతరు, మేం మాట్లాడేది వాళ్లకు వినపడ్తది కని వాళ్ల గొంతు మాకు రాదు. ఇంకోటి, వాళ్లు చేసిన కాల్ మేం ఎత్తితే ప్రతిసారి 32 సెకన్లకే కట్, ఫోన్ల టైమర్ చూసి రాసుకున్న. మేం చేస్తే కట్ కాదు కని గొంతు సంగతి అదే. రెండు దిక్కుల రౌటర్లు 192.168.1.1 మీదనే ఉన్నయ్. ఈడ స్టాటిక్ ఐపీ (మారని బయటి అడ్రస్) ఉంది, కాల్ మెసేజ్‌లు వచ్చే 5060 పోర్ట్‌ను రౌటర్ల నుంచి సర్వర్‌కు ఫార్వర్డ్ చేసిన. ఫోన్ సెట్టింగుల అవుట్‌బౌండ్ ప్రాక్సీ అని ఉంటది గదా, అండ్ల ఆఫీసుల నెట్ కోసం వాడే స్క్విడ్ ప్రాక్సీ అడ్రస్ రాసి చూసిన, రిజిస్టరే కాలేదు, తీసేసిన. మిర్చి సీజన్ల రైతులు నర్సంపేట ఆఫీసుకొచ్చి బస్తాల లెక్క అడుగుతరు, మావోళ్లు ఫోన్ పట్టుకొని హలో హలో అనుడే అయితంది. జెర చెప్పుండ్రి.

కాజీపేట వైర్లు:
32 సెకన్లు అని లెక్కవెట్టి చెప్పిండ్రు చూడు, దాంతోనే సగం పని అయిపోయింది. మీరు ఫోన్ ఎత్తంగనే సర్వర్ నర్సంపేట ఫోన్‌కు ఓకే అని పంపుతది, ఆ ఫోన్ అందిందని ఏసీకే (ACK) అనే మెసేజ్ తిరిగి పంపాలె. అది రాకపోతే సర్వర్ ఓకేను మళ్ల మళ్ల పంపి 32 సెకన్లు చూసి కాల్ కొట్టేస్తది, సిప్ (నెట్ మీద కాల్ కలిపే పద్ధతి) రూల్లనే అట్ల ఉంది, అరసెకను టైమర్‌కు 64 రెట్లు. మరి ఏసీకే ఎందుకు రాలే అంటే, సర్వర్ తన అడ్రస్ 192.168.1 తోని మొదలయ్యేదే రాసి పంపుతంది, నర్సంపేట ఫోన్ ఆ అడ్రస్‌ను తన రౌటర్ కిందనే దేవులాడుతది, ఆడ ఎవరుంటరు? గొంతు ఏడికి పంపాల్నో చెప్పే దాంట్ల గూడ అదే అడ్రస్ ఉంటది కాబట్టి వాళ్ల మాట ఆడనే ఆగిపోతంది. రెండు రోగాలు కావు, ఒక్కటే.

ఆస్టరిస్క్‌ల సిప్ సెట్టింగులుండే పీజేసిప్ ఫైల్ల ట్రాన్స్‌పోర్ట్ కింద ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ అడ్రస్, ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్ రెండిట్ల మీ స్టాటిక్ ఐపీ రాయి, లోకల్ నెట్‌ల 192.168.1.0/24 పెట్టు. నర్సంపేట ఫోన్లకు డైరెక్ట్ మీడియా నో, ఆర్టీపీ (గొంతును మోసే పద్ధతి) సిమెట్రిక్, ఫోర్స్ ఆర్‌పోర్ట్, రీరైట్ కాంటాక్ట్ ఎస్. 5060 ల పోయేది రింగు ముచ్చటనే, గొంతు వేరే పోర్టులల్ల పోతది, అవి గూడ ఫార్వర్డ్ చెయ్యాలె. మామూలుగ 10000 నుంచి 20000 దాక ఉంటయ్, 12 ఫోన్లకు అన్ని ఎందుకు, ఆర్టీపీ ఫైల్ల 10000 నుంచి 10200 కు తగ్గించి అవే తెరువు. రెండు రౌటర్లల్ల సిప్ ఏఎల్‌జీ బంద్ చెయ్యి, మంచి చేస్తున్న అనుకుంట అడ్రస్‌లు సగం మార్చి సగం ఇడిసిపెడ్తది.

స్క్విడ్ వెబ్ కోసం, సిప్‌కు దానికి సంబంధం లేదు. అవుట్‌బౌండ్ ప్రాక్సీ అంటే కాల్ మెసేజ్‌లు ముందుగల ఎవరి చేతికియ్యాల్నో చెప్పేది. మీకున్నది ఒక్కటే సర్వర్, ఖాళీగ ఉంచు. పది పదిహేను బ్రాంచిలు అయితే కమైలియో అసోంటి సిప్ ప్రాక్సీ ముందట పెట్టుకోవచ్చు.

మంచిర్యాల నెట్:
అన్న చెప్పింది కరెక్టే, పనిచేస్తది, కని నేనైతే 5060 లోకానికి తెరిచి పెట్టద్దంటా. నేను ఒకసారి తెరిచిపెట్టిన, తెల్లారి లాగ్ చూస్తే ఎక్కడెక్కడి ఐపీల నుంచో 100, 101, 200 అని ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్ నంబర్లు) కొట్టి పాస్‌వర్డ్ ఊహించుడు, ఆ రోజే మూసేసిన. రెండు ఆఫీసుల మధ్య వైర్‌గార్డ్ వీపీఎన్ (నెట్ మీద సొంత సొరంగం అసోంటిది) వేసుకోండ్రి, ఏనుమాములల 51820 యూడీపీ ఒక్కటే తెరిస్తే చాలు. నర్సంపేట రౌటర్ల వ్యాన్ ఐపీ (బయటి నెట్ దిక్కు అడ్రస్) చూడుండ్రి, 100.64 నుంచి 100.127 మధ్యల ఉంటే నెట్ కంపెనీవాళ్లే లోపల ఇంకో నాట్ (ఒకే బయటి అడ్రస్‌ను చాలామందికి పంచేది) పెట్టినట్టు, ఆడ పోర్ట్ ఫార్వర్డ్ పనిచెయ్యది. అయినా పర్వాలేదు, కనెక్షన్ నర్సంపేట దిక్కు నుంచే మొదలుపెట్టి కీప్‌అలైవ్ (దారి మూసుకపోకుండ పంపే చిన్న మెసేజ్) 25 సెకన్లు పెట్టుకుంటే ఆగది. కని రెండు దిక్కుల 192.168.1 ఉంటే వీపీఎన్ నడువది, నర్సంపేటను 192.168.20 కు మార్చుండ్రి. మార్చినంక ఆ రేంజ్‌ను గూడ లోకల్ నెట్‌ల రాయాలె, మర్చిపోతే సర్వర్ మళ్ల పబ్లిక్ అడ్రస్సే చెప్తది, గొంతు మళ్ల పోతది.

ఇంకోటి, గొంతును డేటాగ మార్చే పద్ధతి జీ.711 అయితే ఒక కాల్‌కు ఒక దిక్కు దగ్గరదగ్గర 87 కేబీపీఎస్ పోతది. 3 కాల్స్ ఒకేసారి అయినా 300 లోపే, దానికి వీపీఎన్‌ది ఇంకొంచెం కలుస్తది. డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్ చూసుకోండ్రి. సీసీ కెమెరాలు అదే లైన్ మీద ఉంటే ఫోన్లకు వేరే వీల్యాన్ (అదే వైర్ల మీద విడి నెట్‌వర్క్) పెట్టి డీఎస్‌సీపీ 46 (గొంతు ప్యాకెట్లకు పెట్టే గుర్తు) కు రౌటర్ల ముందు దారి ఇయ్యండ్రి.

ఏనుమాముల కోల్డ్‌స్టోరేజ్:
అన్నలిద్దరికి చాలా థాంక్స్. నర్సంపేట వ్యాన్ ఐపీ మీరన్న 100.64 నుంచి 100.127 మధ్యలనే ఉంది. ముందు కాజీపేట అన్న చెప్పిన అడ్రస్‌లు రాసి ఆర్టీపీ పోర్టులు తెరిచిన, రెండు దిక్కుల ఏఎల్‌జీ తీసేసిన, ఆస్టరిస్క్ రీస్టార్ట్ చేసి నర్సంపేట నుంచి కాల్ చేయించిన. 4 నిమిషాలు మాట్లాడినం, కట్ కాలే, మా పిల్లగాడు బస్తాల నంబర్లు చదువుతుంటే ఒక్కొక్కటి ఇనపడ్డది. ఇప్పటికైతే 5060 ను నర్సంపేట బయటి ఐపీకే తెరిచి పెట్టిన, అది మారితే మళ్ల తిప్పలే అని తెలుసు. ఆదివారం పోయి ఆడ 192.168.20 కు మార్చి వైర్‌గార్డ్ ఏస్త. కెమెరాలు 6 ఉన్నయ్ అన్నా, అన్ని అదే లైన్ మీద.