నాన్న ఆర్‌ఎక్స్ 100 ట్యాంకు: రంగు, స్టిక్కర్లు ఇంట్లో చేసుకోవచ్చా?

మర్రిపాలెం_రెడ్:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి యమహా ఆర్‌ఎక్స్ 100 బండి, 1993 మోడల్, ఎరుపు. ఆయన డీజిల్ లోకో షెడ్‌లో ఉన్నప్పుడు కొన్నది, రిటైరయ్యే దాకా దాని మీదే డ్యూటీకి వెళ్లారు. 2014లో హుద్‌హుద్ తుఫాను రోజు పక్కింటి రేకు ఎగిరొచ్చి ట్యాంకు మీద పడింది. కుడి పక్క అరచేయంత సొట్ట పడింది, అప్పటి నుంచి బండి మెట్ల కింద దుప్పటి కప్పుకుని ఉంది. పోయిన నెల ఇంజను పని చేయించాను. మూడో కిక్కుకి అందుకుంది, వీధిలో పొగ చూసి అమ్మ బయటికి వచ్చి నవ్వింది.

ఇప్పుడు రంగు సంగతి. పెట్రోలు మూత చుట్టూ పెచ్చులు లేచిపోయాయి, ట్యాంకు అడుగు అంచున తుప్పు బుడగలు. ఎడమ పక్క పెయింటు వెలిసిందే గానీ గట్టిగానే ఉంది, చారల స్టిక్కరు కూడా అటువైపు దాదాపు మొత్తం ఉంది. కుడి పక్క సగమే మిగిలింది. పెయింటు షాపులో చూపిస్తే "మొత్తం గీకేసి రెండ్రోజుల్లో కొత్తది చేసిచ్చేస్తాం, స్టిక్కర్లు ఆన్‌లైన్‌లో సెట్టు దొరుకుతుంది" అన్నారు. నాకెందుకో మనసొప్పలేదు. మేడ మీద చోటుంది, సెలవులున్నాయి, నేనే చేసుకుందామనుకుంటున్నా. స్ప్రే డబ్బాలతో అవుతుందా? స్టిక్కరు అంటించాక పైన క్లియర్ (రంగులేని మెరుపు పూత) కొట్టాలా, అక్కర్లేదా? ఈ ఆదివారమే మొదలుపెడదామని రంగు గీకే వాటర్ పేపర్ కూడా తెచ్చేశాను.

టూస్ట్రోక్_బాబాయ్:
బాబూ, ఆ వాటర్ పేపర్ ముందు లోపల పెట్టు. నేను 2009లో ఇదే తొందరలో నా బండి ట్యాంకు ఒక్క పూటలో ఇనుము కనిపించేదాకా గీకేశాను. సాయంత్రం స్టిక్కర్లు అంటిద్దామని కూర్చుంటే చార ఎక్కడ మొదలవ్వాలో, ముందు వైపు అంచుకి ఎంత దూరంలో ఆగాలో ఒక్క కొలత కూడా నా దగ్గర లేదు. ఫోటోలు చూసి అంటించాను. అప్పటి నుంచి ఎదురుగా నిలబడి చూస్తే ఒక చార మీదికి, ఒక చార కిందికి ఉంటుంది, నేను తప్ప ఎవరూ గమనించరు, నేను మాత్రం రోజూ గమనిస్తాను.

నీకు ఎడమ పక్క స్టిక్కరు మొత్తం ఉందంటున్నావు కదా, అది బంగారం. ట్రేసింగ్ పేపర్ దాని మీద పరిచి నాలుగు మూలలా టేపు వేసి మెత్తటి పెన్సిల్‌తో ప్రతి అంచూ గీసుకో. టైలరు టేపుతో ట్యాంకు అతుకు నుంచి, మూత నుంచి, సీటు వైపు అంచు నుంచి కొలిచి ఆ కాగితం మీదే రాసెయ్. తర్వాత స్టీలు స్కేలు పక్కన పెట్టి, కెమెరా వంచకుండా ఎదురుగా ఫోటో తీసుకో. కుడి పక్కకి ఆ కాగితాన్నే తిరగేసి వాడుకోవాలి. అక్షరాలు తిరగేయకూడదు, చారలు మాత్రమే తిరగేయాలి. నవ్వకు, తిరగేసి కోయించినవాళ్లని చూశాను.

ఇంకో మాట. ఆర్‌ఎక్స్‌కి మడ్‌గార్డులు క్రోమే కాబట్టి నువ్వు ప్రధానంగా రంగు వేయాల్సింది ట్యాంకు, రెండు సైడ్ ప్యానెళ్లు. ప్యానెళ్లు ఎలా ఉన్నాయో రాయలేదు. బాగుంటే వాటిని ముట్టుకోకు. ఈ బండి 1985లో వచ్చింది, 1996లో ఆగిపోయింది, ఫ్యాక్టరీ రంగుతో ఉన్నవి ఏటికేడు తగ్గిపోతున్నాయి. రంగు ఎప్పుడైనా వేయొచ్చు, ఫ్యాక్టరీ రంగు మాత్రం ఒక్కసారే.

స్పీడ్_వైజాగ్:
అన్నా ఇంత ఆలోచన ఎందుకు, మ్యాట్ బ్లాక్ కొట్టెయ్. సొట్ట కనపడదు, తుప్పు కనపడదు, బీచ్ రోడ్డులో లుక్కే వేరు.

గాజువాక_గన్:
తమ్ముడూ, ఆర్సీలో రంగు అని ఒక గడి ఉంటుంది, ఒకసారి తీసి చూడు. ఎర్ర బండిని నల్లగా మారిస్తే ఆర్టీవోలో చెప్పి ఆర్సీలో రాయించుకోవాలి. అది 1993 బండి, పదిహేనేళ్లు ఎప్పుడో దాటాయి, అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కి తీసుకెళ్లక తప్పదు. అక్కడ కాగితం మీద ఎరుపు, ఎదురుగా నలుపు ఉంటే ఆ రోజు పని ఆ రోజు అవ్వదు. పైగా మ్యాట్‌లో సొట్ట దాగుతుందన్నది సగమే నిజం, పక్క వెలుతురులో చూడు.

ఇక అసలు ప్రశ్న. మా నాన్నా నేనూ ఆటోనగర్‌లో స్ప్రే గన్ను పట్టినవాళ్లమే, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

ముందు ట్యాంకు లోపలి పని, తర్వాతే బయటి రంగు. పదకొండేళ్లు నిలబడిన బండి లోపల తుప్పు లేకుండా ఉండదు. రంగు వేశాక లోపల కడిగితే ఆ యాసిడ్, పాత పెట్రోలు మూత దగ్గర కారి కొత్త రంగునే తింటాయి. పెట్రోలు మొత్తం తీసి, సబ్బు నీళ్లతో కడిగి, లీటరు వేడినీళ్లకి 50 నుంచి 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి నిండా పోసి రాత్రంతా ఉంచు. పెట్రోలు కాక్ తీసేసి ఆ కంతకి బిరడా పెట్టాలి. పొద్దున పారబోసి, వంట సోడా నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి వెంటనే ఆరబెట్టి, కాస్త టూటీ ఆయిల్ (పెట్రోలులో కలిపే టూస్ట్రోక్ ఆయిల్) వేసి తిప్పు. ఊరుకున్నావంటే మన వైజాగ్ గాలికి మధ్యాహ్నానికే మళ్లీ ఎర్రగా అయిపోతుంది.

సొట్ట సంగతికొస్తే, ఎవరైనా "గ్యాస్‌తో కొంచెం వేడి చేసి లాగేద్దాం" అంటే ట్యాంకు తీసుకుని ఇంటికొచ్చెయ్. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, లోపల ఆవిరి ఉంటుంది. జిగురు ట్యాబులు అంటించి లాగే డెంట్ పుల్లర్‌తో ఎంత వస్తే అంత లాగు, మిగిలిన రెండు మూడు మిల్లీమీటర్లు పుట్టీతో నింపు. అంతకంటే మందం పుట్టీ పెట్టకు, ఇంజను వణుకుడికి ఏదో ఒక రోజు పగులుతుంది.

పుట్టీ కింద ఇనుము మెరవాలి. తుప్పు బుడగ పైకి రూపాయి బిళ్లంత కనిపిస్తే పెయింటు కింద అరచేయంత పాకి ఉంటుంది. మెరిసేదాకా గీకు, మూలల్లో గుంటల్లో మిగిలినదానికి ఫాస్ఫారిక్ యాసిడ్ రస్ట్ కన్వర్టర్ రాసి, డబ్బా మీద రాసినట్టు కడిగి, ఆరబెట్టి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ వేసెయ్. రేపు చూద్దాం అనుకోకు. చేతికి గ్లౌజు వేసుకో, చెమట అంటినచోట తెల్లారేసరికి వేలిముద్ర తుప్పు పట్టి కనిపిస్తుంది, నిజంగా.

పుట్టీని మాత్రం నీళ్లు పోసి రుద్దకు. ఇది మా వీధిలోనే సగం మంది చేసే తప్పు. పుట్టీ నీళ్లు పీలుస్తుంది, ఆ నీళ్లు ఇనుము దాకా పోతాయి, ఏడాదికి బుడగ. 80 నంబరు పేపర్ తర్వాత 180, 240, అన్నీ పొడిగా. దాని మీద సర్ఫేసర్ (సన్న గీతలు పూడ్చే ప్రైమర్) వేశాక నీళ్లతో 400, 600, 800 రుద్దుకో, అప్పుడు ఇబ్బంది లేదు.

రంగు మ్యాచింగ్‌కి ఎండకి వెలిసిన చోటు చూపించకు. సీటు కింద దూరిన ట్యాంకు తోక భాగం ఉంటుంది కదా, అక్కడ 1993 ఎరుపు అలాగే ఉంటుంది. కాస్త రబ్బింగ్ కాంపౌండ్ (మెరుగు పెట్టే పేస్టు) పెట్టి తుడిచి షాపువాడికి అది చూపించు.

అన్నిటికంటే ముఖ్యం, ఇప్పుడు ఆగస్టు. ఆగు. గాలిలో ఇంత తేమ ఉండగా కొడితే థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి దాని మీద తేమ దిగుతుంది, రంగు పాలు కలిపినట్టు తెల్లగా మసకేస్తుంది. స్లో థిన్నర్ వాడితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. తుఫాన్ల కాలం దాటనిచ్చి డిసెంబరు, జనవరి చూసుకో. అప్పుడు కూడా మంచు విడిచాక, సముద్రపు గాలి ఎత్తుకోకముందు, అంటే తొమ్మిదిన్నర పది మధ్య కొట్టు. మేడ మీద నీళ్లు చల్లి దుమ్ము అణచు. వన్ టౌన్ వైపు ఉన్నవాళ్లయితే పోర్టు నుంచి వచ్చే నల్లదుమ్ముతో అసలు బయట కొట్టొద్దంటాను, మర్రిపాలెం కాబట్టి పర్లేదు.

ల్యాబ్_కోట్_సీతమ్మధార:
పైన చెప్పినదంతా బాగుంది, ఒకటి మిగిలిపోయింది. నేను కెమిస్ట్రీ చెప్పుకునే మనిషిని, టూకే క్లియర్, అంటే రెండు మందులు కలిపి కొట్టే క్లియర్, కొట్టెయ్ అని బయట అందరూ తేలిగ్గా అనేస్తుంటే నాకు టెన్షన్. అందులో గట్టిపడడానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆ పొగమంచు పీలిస్తే ఉబ్బసం రావచ్చు, ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొద్దిగా తగిలినా ఊపిరాడని పరిస్థితి వస్తుంది. కరోనా నాటి గుడ్డ మాస్కు దానికి దేనికీ పనికిరాదు. షాపుల్లో పనిచేసేవాళ్లకి బయటి గాలి పైపు ద్వారా అందే మాస్కు ఉండాలి, ఎంతమందికి ఉందో మీకు తెలుసు. అడుగున బటన్ నొక్కితే హార్డెనర్ కలిసే స్ప్రే డబ్బాలు వస్తున్నాయి, వాటిలో ఉన్నదీ అదే మందు.

అలాగని మామూలు స్ప్రే డబ్బా క్లియర్‌తో ట్యాంకు ముగించలేరు. పెట్రోలు బంకులో ఒక్కసారి చిందితే మూత చుట్టూ జిగురుగా అయిపోతుంది. కాబట్టి నా సలహా ఏమిటంటే గీకుడు, పుట్టీ, ప్రైమర్, రంగు, స్టిక్కరు అన్నీ మీరే చేసుకోండి, ప్రైమర్‌కీ రంగుకీ కూడా ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ మాస్కు వేసుకోండి, ఆ ఎపాక్సీ హార్డెనర్ చర్మానికి అంటనివ్వకండి. క్లియర్ కోట్లు మాత్రం స్ప్రే బూత్ (రంగు కొట్టే ప్రత్యేక గది) ఉన్నవాళ్ల చేత కొట్టించుకోండి. మేడ మీద బట్టలు ఆరేసే పక్కింటివాళ్లు కూడా ఉంటారు కదండీ.

గాజువాక_గన్:
మేడం చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా నాన్నకి దగ్గు ఎందుకొచ్చిందో మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మర్రిపాలెం_రెడ్:
ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. ఆదివారం ప్రోగ్రాం రద్దు. సైడ్ ప్యానెళ్లు చూశాను, గీతలున్నాయి గానీ రంగు బాగానే ఉంది, ముట్టుకోను. ఒక్క సందేహం మిగిలింది, స్టిక్కరు క్లియర్ కిందా, పైనా? పాత స్టిక్కరు తీసేది ఎలా?

టూస్ట్రోక్_బాబాయ్:
తీయడానికి హెయిర్ డ్రయ్యర్ వేడి చాలు, గోరు కాకుండా పాత ఏటీఎం కార్డుతో అంచు లేపి, వెనక్కి మడిచి నెమ్మదిగా లాగు. ముక్కలుగా వచ్చినా పారేయకు, వెడల్పు కొలవడానికి పనికొస్తాయి. మిగిలిన జిగురు కిరోసిన్‌తో పోతుంది, కానీ ఆ జిడ్డు మిగిలితే రంగు చేప కళ్లలాగా గుంటలు పడుతుంది, వ్యాక్స్ రిమూవర్‌తో రెండుసార్లు తుడువు.

కొత్తవి ఆన్‌లైన్ సెట్టు కొంటే ముందు నీ ట్రేసింగ్ మీద పెట్టి చూసుకో. నేను కొన్న రెండు సెట్లూ రెండు సైజులు. చివరికి రేడియం షాపులో నా గీతకే కోయించాను. పలచటి వినైల్ అడుగు, నంబర్ ప్లేటుకి వాడే దళసరిది ట్యాంకు ఒంపు మీద ముడత పడుతుంది.

కింద అంటించడమే మంచిది. రంగు మీద రెండు కోట్లు క్లియర్ వేయించి, రాత్రంతా ఆరాక 800 తో మెత్తగా రుద్ది, చుక్క షాంపూ కలిపిన నీళ్లు చల్లి స్టిక్కరు జరుపుకుంటూ సరిచేసుకుని, మధ్య నుంచి అంచులకి నీళ్లు తోసెయ్. ఒక రోజు ఆరనియ్, అంచుల్లో చుక్క నీరు ఉన్నా క్లియర్ కింద బుడగే. తర్వాత మళ్లీ బూత్‌కి తీసుకెళ్లు, మొదటి కోటు పలచగా మంచు పడ్డట్టు కొట్టమను, తడిగా కొడితే థిన్నర్‌కి స్టిక్కరు మెలికలు తిరుగుతుంది. మర్నాడు 1000 తో అంచు మెట్టు తగ్గించి ఆఖరి కోట్లు. వేలు పెడితే చార అంచు తగలకూడదు. మొదట అదే స్టిక్కరు, అదే రంగు ఒక పాత డబ్బా మూత మీద వేసి చూపించి, దాని మీద క్లియర్ కొట్టించు, ఇది మాత్రం ఎగ్గొట్టకు.

మర్రిపాలెం_రెడ్:
జనవరి. ఆలస్యంగా రాస్తున్నాను. డబ్బా మూత మాట చెప్పినందుకు బాబాయ్‌కి దండం, మొదటి మూత మీద క్లియర్ కింద రంగే ముడుచుకుపోయింది. డబ్బా రంగు పూర్తిగా ఆరకముందే టూకే పడిందట. ఇంకో పది రోజులు ఆగి రెండో మూత తీసుకెళ్తే నిలిచింది, అప్పుడే ట్యాంకు ఇచ్చాను.

సొట్ట ముప్పాతిక వంతు పుల్లర్‌కే వచ్చేసింది. పుట్టీ గీకుతుంటే ఒకచోట దిగిపోయి మళ్లీ పెట్టాను, మొత్తం నాలుగు ఆదివారాలు పోయాయి, భుజం ఇప్పటికీ పీకుతోంది. సీటు కింద తోక దగ్గర కాంపౌండ్ పెట్టి తుడిస్తే ఆ ఎరుపు చూసి అమ్మ "అవును, ఇదే రంగు, నేను మర్చిపోయాను" అంది. అన్నేళ్లుగా మేమంతా వెలిసిన రంగునే దీని రంగు అనుకుంటున్నాం.

ఇప్పుడు ఇబ్బంది ఏమిటంటే ట్యాంకు ఆ ఎరుపు, ప్యానెళ్లు వెలిసిన ఎరుపు. పక్కపక్కన తేడా తెలుస్తోంది. చేత్తో కాంపౌండ్ పెడితే ఎడమ ప్యానెల్ చాలా దగ్గరికి వచ్చింది, కుడిది ఎండ వైపు నిలబడేదేమో, అంత రాలేదు. దాన్ని కూడా రంగు వేద్దామా అని ఒక రోజంతా ఊగి, వదిలేశాను. కుడి చార కూడా ఎడమ దానికంటే రెండు మిల్లీమీటర్లు కింద ఉంది, ట్రేసింగ్ ఉండి కూడా.

క్లియర్ గట్టిపడడానికి వారం ఆగి నిన్ననే పెట్రోలు పోశాను. మూత రబ్బరు పాతది, చుట్టూ తడి కనిపిస్తోంది. కొత్త రబ్బరు వైజాగ్‌లో ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, అప్పటిదాకా గుడ్డ చుట్టి తిప్పుతున్నాను.